విషం లేని కప్ప

గ్లాస్గో,
29 జూన్ 2025

పిన్నీ,

నెలకో తెలుగు ఉత్తరం రాయాలని నువ్వు పెట్టిన రూలు ప్రకారం ఇది జూన్ ఉత్తరం. నెలాఖరుకి వచ్చాక రాస్తున్నానని తిట్టుకోకు. పోయిన నెల నువ్వు ఎర్ర పెన్నుతో దిద్ది పంపిన ఉత్తరాన్ని అమ్మ ఫ్రిజ్‌కి అంటించింది. ఇంటికొచ్చిన వాళ్ళందరూ మంచినీళ్ళు తాగుతూ నా ఒత్తులు లెక్కపెడుతున్నారు. పరువు పోయింది.

సెలవులిచ్చేశారు. పెద్ద న్యూస్ ఏంటంటే, మా ఇంట్లోకి ఒక కప్ప వచ్చింది. నిజం కప్పే. మా స్కూల్ బయాలజీ ల్యాబ్‌లో ఉంటుంది. సెలవుల్లో ఎవరైనా ఇంటికి తీసుకెళ్ళి చూసుకోవాలి అంటే క్లాసులో అందరికన్నా ముందు నేనే చెయ్యెత్తా. నీ బొటనవేలి గోరు కన్నా కాస్త పెద్దది, అంతే. ఒళ్ళంతా కుంకుమ రంగు. వెనక కాళ్ళు మాత్రం సిరాలో ముంచినట్టు నీలం. జీన్స్ ప్యాంటు వేసుకున్నట్టు ఉంటుందని స్కూల్లో దాని పేరు జీన్స్. కోస్టారికా అడవుల జాతి. వాటిలో మగవే అరుస్తాయట. ఇది ఆడది, నోరు విప్పదు.

దాని గాజు తొట్టిలో నాచు, ఎండుటాకులు, అనాస మొక్కలాంటి ఒక మొక్క ఉన్నాయి. రోజూ పొద్దున నీళ్ళు చిలకరించాలి, వర్షం పడిందనుకోవాలి కదా పాపం. తిండి పండు ఈగలు. రెక్కల్లేని ఈగలు డబ్బాల్లో ఇచ్చారు, ఆ డబ్బాలు చూసి అమ్మ ఒకటే గోల.

"కప్పేంటే? అన్నం తినే ఇంట్లో కప్పేంటి? పైగా దానికి ఈగలు పెంచాలా? ఛీ ఛీ!"

"సైన్స్ ప్రాజెక్ట్ అమ్మా, మార్కులుంటాయి" అన్నా. మార్కులు అనగానే నాన్న ఒప్పేసుకున్నారు.

ఆంజనేయప్రసాద్ అంకుల్ ఇంకా మా చిన్న గదిలోనే ఉంటున్నారు. నీకు తెలుసుగా, నాన్నకి తన టీమ్‌లో ఈ ఉద్యోగం ఇప్పించింది ఆయనే. ఆఫీసు కోసం సోమవారం పొద్దున లండన్ పక్కన స్టాన్‌మోర్‌లో వాళ్ళింటి నుంచి వస్తారు, శుక్రవారం సాయంత్రం వెళ్ళిపోతారు. వాళ్ళావిడ హైమ ఆంటీ మొన్న పూతరేకులు పంపారు. అంకుల్ కప్పని చూస్తానని నా గదిలోకొచ్చారు. ఇది విషం కప్ప అంకుల్, దాని చుట్టుపక్కల ఏది ముట్టుకున్నా డేంజర్ అని చెప్పా. గబుక్కున వెనక్కెళ్ళిపోయారు. ఇప్పుడు గుమ్మం దగ్గరే ఆగిపోతున్నారు.

నీ
అపూర్వ

అమ్మ చదివేసింది. కవరు అంటించమని నాకిచ్చి పోపు పెట్టడానికెళ్ళింది. ఈ నాలుగు లైన్లూ ఆవిడ చూడలేదు. పిన్నీ, నువ్వు ఫార్మసిస్ట్‌వి కదా, సరిగ్గా చెప్పు. జీన్స్‌కి విషం ఎంత ఉంటుంది? పట్టుకుంటే పెద్దవాళ్ళకి కూడా ఏమైనా అవుతుందా? నెట్‌లో ఒకచోట చంపేస్తుందని ఉంది, ఇంకోచోట ఏం కాదని ఉంది. టీచర్ చేత్తో తాకొద్దు అంది, అంతే. నా గది గడియ ఏప్రిల్‌లో నాన్న ఊడదీశారు. పరీక్షలప్పుడు గడియ పెట్టుకుని ఏడుస్తున్నానని. "మనింట్లో మనకి గడియలేంటి" అన్నారు. మా ఇంట్లో ఎవరూ తలుపు కొట్టరు. త్వరగా రాయి.


బెల్‌ఫాస్ట్,
4 జులై 2025

మా అప్పూకి,

నీ ఉత్తరం నా వార్డ్ రౌండ్ అయ్యాక క్యాంటీన్‌లో చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఈసారి తప్పులు తక్కువే. "చిలకరించాలి" అని రాశావు చూడు, ఆ మాట నేనే మర్చిపోయాను. ఎర్ర పెన్నుకి ఈ నెల సెలవు.

ఇక నీ భయం సంగతి. పిచ్చి పిల్లా, హాయిగా నిద్రపో. ఆ కప్పలు సొంతంగా విషం తయారుచేసుకోవు. అడవిలో కంటికి ఆనని పురుగుల్నీ, కొన్ని రకాల చీమల్నీ తింటాయి. ఆ పురుగుల్లో ఉన్న విషాన్ని చర్మంలో దాచుకుంటాయి. పాములూ పక్షులూ నోట్లో పెట్టుకుంటే చేదుగా, మంటగా ఉంటుందన్నమాట. ఆ ఎర్ర రంగు కూడా అందుకే, "నన్ను ముట్టుకోకు" అని దూరం నుంచే చెప్పడానికి. కానీ ఇక్కడ తొట్టెల్లో పుట్టి, పండు ఈగలు తిని పెరిగిన వాటికి ఆ పురుగులెక్కడివి? తిండిలో లేని విషం ఒంట్లోకి ఎలా వస్తుంది? రంగు మాత్రం అలాగే ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. నమ్మకపోతే మీ టీచర్ని అడుగు, స్కూలు వాళ్ళు నిజంగా విషం ఉన్నదాన్ని పిల్లల చేతికిస్తారా? చేత్తో తాకొద్దన్నది నీ కోసం కాదు, దాని కోసం. మన చేతుల సబ్బూ ఉప్పూ దాని చర్మానికి పడవు. మీ సింక్ కింద ఉన్న బ్లీచ్ సీసా దానికన్నా డేంజర్.

మీ అంకుల్ గుమ్మం దగ్గరే ఆగిపోతున్నారంటే నాకు నవ్వాగలేదు. అంత పెద్దమనిషిని గోరంత కప్పతో భయపెట్టావా! పాపం, లోపలికి పిలిచి చూపించు. ఎంతైనా ఇంటికొచ్చిన మనిషి.

గడియ సంగతి అక్కతో నేను మాట్లాడతాలే. ఈ వయసులో గది కావాలనిపిస్తుంది, నాకూ అనిపించేది.

జీన్స్‌కి ఒక ఈగ ఎక్కువ వెయ్యి, నా పేరు చెప్పి.

ముద్దులతో,
కిరణ్మయి పిన్ని


గ్లాస్గో,
10 జులై 2025

పిన్నీ,

ఇది అమ్మ చదవని ఉత్తరం. లైబ్రరీలో కూర్చుని రాస్తున్నా. స్టాంపు ఇక్కడే కొన్నా. దీనికి జవాబు ఇంటికి రాయొద్దు. ఫోన్ కూడా చెయ్యొద్దు. అమ్మ ఎప్పుడూ స్పీకర్‌లోనే మాట్లాడుతుంది, నా వాట్సాప్ హాల్లో ట్యాబ్‌లో కూడా కనిపిస్తుంది.

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది. నేను చూసేలోపే అమ్మ కవరు చింపేసింది. నీ ఉత్తరం అంటే మా ఇంట్లో అందరిదీ కదా. అందరూ అన్నాలు తింటుంటే పైకి చదవడం మొదలుపెట్టింది. నాన్న, అంకుల్, నేను. "అమ్మా, నేను చదువుకుంటా ఇవ్వు" అన్నా. "ఉండవే, మీ పిన్ని ఎంత బాగా రాసిందో" అంది. "రంగు మాత్రం అలాగే ఉంటుంది, లోపల ఏమీ ఉండదు" అని చదివినప్పుడు అంకుల్ తినడం ఆపి నా వైపు చూశారు. ఆయన్ని లోపలికి పిలిచి చూపించమన్న చోట అందరూ నవ్వారు. నాన్న కూడా.

"అమ్మో, ఎంత తెలివే నీకు! నన్ను ఇన్నాళ్ళూ గుమ్మంలోనే నిలబెట్టావు" అన్నారు అంకుల్. అమ్మ ఆయనకి ఇంకొంచెం పప్పు వడ్డించింది.

పిన్నీ, నేను కప్పకి భయపడి నిన్ను అడగలేదు. దానికి విషం ఉండాలని అడిగా.

అంకుల్ మార్చి నుంచి నా గదిలోకి వస్తున్నారు. అమ్మకి ముసలివాళ్ళ కేర్ హోమ్‌లో లేట్ షిఫ్ట్ ఉన్న రోజుల్లో, నాన్న ఆఫీసుకెళ్ళే రోజుల్లో. మొదట్లో ఛార్జర్ కావాలని, తర్వాత నా హోమ్‌వర్క్ చూస్తానని. తలుపు కొట్టరు. వచ్చి నా మంచం మీద కూర్చుంటారు. ఆశీర్వదిస్తున్నట్టు నెత్తి మీద చెయ్యి పెడతారు, తియ్యరు. "పెద్దదానివైపోతున్నావ్" అంటారు. నేను లేచి వెళ్ళిపోతే "ఏంటమ్మా, అంకులే కదా" అంటారు. అమ్మతో ఒకసారి చెప్పబోయా. "ఆయనకి ఆడపిల్లలు లేరే, అందుకే నువ్వంటే ప్రేమ" అంది. ఆ తర్వాత ఇంక నోటికి రాలేదు. రాస్తుంటేనే వస్తోంది.

క్లాసులో టీచర్ విషం కప్ప అనగానే అందుకే చెయ్యెత్తా. తొట్టి తలుపు పక్కనే పెట్టా. ఎర్ర పెన్నుతో "విషం" అని రాసి అంటించా. పనిచేసింది పిన్నీ. ఆ మొదటి రోజు తర్వాత మొన్నటిదాకా ఆయన లోపల అడుగు పెట్టలేదు.

నిన్న అమ్మకి లేట్ షిఫ్ట్. అంకుల్ వచ్చారు. నేరుగా వచ్చి తొట్టి మూత తీశారు. "విషం లేదంటగా" అన్నారు. జీన్స్‌ని పట్టుకుని అరచేతిలో పెట్టుకున్నారు. అది కదల్లేదు. గొంతు మాత్రం టకటకా కొట్టుకుంటోంది. ఆ చెయ్యి నా మొహం దాకా తెచ్చి "చూశావా, ఇంక ఇద్దరికీ భయం లేదు" అన్నారు. ఇంకో చెయ్యి నా భుజం మీద వేశారు. నేను విదిలించుకుని బాత్రూంలోకి పరిగెత్తి గడియ పెట్టుకున్నా. ఆ గడియ ఒక్కటే ఉంది ఇంట్లో. అమ్మ వచ్చేదాకా అక్కడే ఉన్నా. "కడుపునొప్పా?" అంది. ఊఁ అన్నా.

వచ్చే బుధవారం నాన్న ఆఫీసు పని మీద మాంచెస్టర్ వెళ్తున్నారు, ఆ రాత్రికి రారు. అమ్మకి ఆ రోజు కూడా లేట్ షిఫ్టే. అమ్మ షిఫ్టుల రోటా ఫ్రిజ్ మీద ఉంది, నీ ఎర్ర పెన్ను ఉత్తరం పక్కనే. అంకుల్ రోజూ మంచినీళ్ళు తాగేది అక్కడే.

నాన్న ఉద్యోగం పోతే మా వీసా పోతుంది. నా వల్ల అలా జరగకూడదు. ఏం చెయ్యాలో తెలీడం లేదు.

అపూర్వ


బెల్‌ఫాస్ట్,
11 జులై 2025

అప్పూ,

కార్డే రాస్తున్నా, ఉత్తరం కాదు. ఇక్కడ రేపు పన్నెండో తారీఖు ఊరేగింపుల పండగ, ఊరంతా జెండాలు, వీధి చివర మూడంతస్తుల ఎత్తున చెక్కలు పేర్చి మంట పెట్టడానికి సిద్ధంగా ఉంచారు. సోమవారం కూడా సెలవే. మంగళవారం దాకా మాకు పోస్టు రాదు. ఇది ఇవాళే పడేస్తే నీకు మాత్రం చేరుతుంది.

నా ఉత్తరానికి జవాబు లేదేం? కోపమా? అక్క ఫోన్లో చెప్పింది, మీ అంకుల్ ఇప్పుడు ధైర్యంగా కప్పని చేతిలోకి తీసుకుని ఆడిస్తున్నారటగా! తాకొద్దని ఆయనకి చెప్పు, దాని చర్మం పాడవుతుంది. ఆయన మంచివారట, నువ్వే ముభావంగా ఉంటున్నావని అక్క బాధపడింది. అంత మొహమాటం ఏంటే?

నవ్వుతూ ఉండు.
పిన్ని


గ్లాస్గో,
14 జులై 2025

పిన్నీ,

నీ కార్డు వచ్చింది. అమ్మ పైకి చదివింది. నా ఉత్తరం నీకింకా అందలేదని దాంతో అర్థమైంది. రేపు అందుతుందేమో. ఇది ఎల్లుండికి కూడా అందదు, అయినా రాస్తున్నా. ఊరికే కూర్చోలేకపోతున్నా.

జీన్స్ మూడు రోజులు ఆకు కింద నుంచి రాలేదు, ఈగల్ని చూడను కూడా చూడలేదు. ఇవాళ పొద్దున ఒకటి తింది. దాని రంగు కొంచెం పాలిపోయినట్టుంది, లేకపోతే నాకలా అనిపిస్తోందో.

ఆయన నిన్న సాయంత్రమే వచ్చేశారు, సోమవారం పొద్దున రావాల్సిన మనిషి. "ట్రైన్లో రద్దీ తక్కువని" అన్నారు. బుధవారం నాకు పిజ్జా తెప్పిస్తానన్నారు. "వంట శ్రమ నీకెందుకమ్మా, నేనున్నాగా" అని అమ్మతో అన్నారు. అమ్మ థాంక్స్ చెప్పింది.

బుధవారం లైబ్రరీ మూసేదాకా అక్కడే కూర్చుంటా. తర్వాత అమ్మ వచ్చేదాకా ఎక్కడుండాలో తెలీదు. నా ఫ్రెండ్ సాత్విక వాళ్ళు రాజమండ్రి వెళ్ళారు, లేకపోతే వాళ్ళింట్లో ఉండేదాన్ని. బీరువా తలుపుకి అడ్డంగా జరపగలనో లేదో చూశా. కదల్లేదు.

అపూర్వ


ఫెర్రీలో,
16 జులై 2025

అమ్మా అపూర్వా,

ఇది పోస్టులో రాదు. నీ చేతికే ఇస్తాను. ఎవరూ పైకి చదవరు.

నీ పదో తారీఖు ఉత్తరం నిన్న సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి గుమ్మంలో ఉంది. అప్పటికి ఆఖరి ఓడ వెళ్ళిపోయింది. పొద్దున్నే స్కాట్లాండ్‌కి దొరికిన ఓడెక్కాను. కెయిర్న్‌రయన్‌లో దిగి బస్సు పట్టుకోవాలి. సముద్రం బాగా ఊగుతోంది, అక్షరాలు వంకర్లు పోతే నువ్వు ఎర్ర పెన్నుతో దిద్దు.

విషం లేదు అని చెప్తే నువ్వు ఊపిరి పీల్చుకుంటావనుకున్నాను. గడియ లేదు, ఎవరూ తలుపు కొట్టరు, ఆయన గుమ్మంలో ఆగుతున్నారు. మూడూ నువ్వు పక్కపక్కనే రాశావు. నేను మూడూ చదివి నవ్వాను. నీ దగ్గరున్న ఒక్క ఆయుధాన్నీ అన్నాల దగ్గర అందరి ముందూ లాగేసుకున్నది నా ఉత్తరమే. దానికి క్షమాపణ చెప్తే సరిపోదు, అందుకే వస్తున్నాను.

మూడు సంగతులు విను. నువ్వు చేసిన తప్పేమీ లేదు. ఉద్యోగం, వీసా పెద్దవాళ్ళ తలనొప్పులు, నీవి కావు. అక్కతో నేనే చెప్తాను, నీ నోటితో మళ్ళీ చెప్పక్కర్లేదు. పోలీసులకి ఇక్కడి నుంచే ఫోన్ చేశాను, ఒకావిడ చాలా మెల్లగా మాట్లాడింది. నీకు ఇష్టమైనప్పుడే, ఇష్టమైన చోటే వచ్చి వింటానంది.

నీ ఫోన్‌కి ఇందాక "పూతరేకులు బాగున్నాయా" అని మెసేజ్ పెట్టాను. హాల్లో ట్యాబ్‌లో ఎవరు చూసినా ఏమీ తెలీదు. నీకు అర్థమైతే చాలు, నేను దారిలో ఉన్నానని.

నీ కిరణ్మయి పిన్ని


గ్లాస్గో,
24 ఆగస్టు 2025

పిన్నీ,

ఇది ఆగస్టు ఉత్తరం. జులైది బాకీ అనుకోకు, జులైలో రెండు రాశా.

"పూతరేకులు" అన్న మెసేజ్ నాకు అస్సలు అర్థం కాలేదు, తెలుసా! మా ఇంట్లో ఏం జరుగుతుంటే ఈవిడకి స్వీట్ల గొడవా అని లైబ్రరీలో కూర్చుని ఏడ్చా. వాళ్ళు మూసేశాక, ఎక్కడికెళ్ళాలో తెలీక ఇంటి దాకా వచ్చా. మా మెట్ల మీద నువ్వు, ఒళ్ళో బ్యాగు. అప్పుడు కూడా ఒక సెకను నిన్ను గుర్తుపట్టలేదు.

అమ్మ పనిచేసే చోటికి వెళ్ళాం కదా, స్టాఫ్ రూంలో నువ్వు అమ్మకి చెప్తున్నంతసేపూ నేను కారిడార్లో ఒక ముసలావిడతో డామినోస్ బిళ్ళలాట ఆడా. నాలుగు ఆటలూ ఆవిడే గెలిచింది. లోపల్నుంచి అమ్మ గొంతు ఒక్కసారి కూడా వినపడలేదు. దానికే నాకు ఎక్కువ భయమేసింది. నమ్మలేదేమో అనుకున్నా.

నీకు తెలీనిది ఒకటి చెప్తా. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నువ్వు ముందు సీట్లో కూర్చున్నావు. అమ్మ యూనిఫాంలోనే ఉంది, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నా చెవి దగ్గర మెల్లగా అడిగింది.

"ఆ కప్పని అందుకే తెచ్చుకున్నావా?"

ఊఁ అన్నా.

"దాన్ని ఎన్ని తిట్లు తిట్టానే" అంది. అంతే. ఇల్లొచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు.

తర్వాతది నువ్వూ చూశావు. ఆయన సోఫాలో క్రికెట్ చూస్తూ తల తిప్పకుండా "ఏమ్మా, ఇవాళ లేటైంది, పిల్ల కూడా ఇంకా రాలేదు" అనడం, అమ్మ చెప్పులు కూడా విప్పకుండా వెళ్ళి టీవీ ఆపేసి "బట్టలు సర్దుకోండి" అనడం. "విజయభాస్కర్ మాంచెస్టర్ నుంచి రానీ, వాడితో మాట్లాడతా" అన్నారుగా ఆయన. "ఇది నా ఇల్లు కూడానండీ" అంది అమ్మ. అమ్మ ఆ గొంతుతో మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

నాన్న సంగతి అడిగావు. మర్నాడు పొద్దున మొదటి ట్రైన్‌కే వచ్చేశారు. "ఆయన అలాంటి మనిషి కాదేమో, సరిగ్గా కనుక్కున్నారా" అని ముందు అన్నారు. అమ్మ నా పదో తారీఖు ఉత్తరం, నువ్వు తనకిచ్చింది, ఆయన చేతిలో పెట్టింది. వంటగదిలో నిలబడే చదివారు. ఆ తర్వాత సాయంత్రం దాకా నా గది బయట నేల మీద కూర్చున్నారు, లోపలికి రాలేదు. ఇప్పటికీ నా మొహంలోకి సరిగ్గా చూడరు. అది నా మీద కోపం కాదంట, అమ్మ చెప్పింది. ఆఫీసులో వేరే టీమ్ అడిగారు. దొరుకుతుందో లేదో ఇంకా తెలీదు. హైమ ఆంటీ ఫోన్ చేసి అమ్మని చాలా మాటలంది, స్పీకర్‌లో. అమ్మ స్పీకర్ ఆపేసి ఫోన్ పట్టుకుని బయటికెళ్ళింది. పోలీసావిడ రెండుసార్లు వచ్చింది. స్కూల్లో పిల్లల బాగోగులు చూసే గైడెన్స్ టీచర్‌కి కూడా తెలుసు. ఆవిడ ఎక్కువ అడగదు, అదే నయం.

గడియ అమ్మే బిగించింది, స్క్రూడ్రైవర్ దొరక్క వెన్న చాకుతో. వంకరగా ఉంది. గట్టిగా నెడితే గానీ పడదు.

జీన్స్‌ని స్కూల్లో ఇచ్చేశాం. ఇవ్వడానికి అమ్మ కూడా వచ్చింది, తొట్టి తనే పట్టుకుంది. చివరి నెలంతా ఈగలు వేసింది అమ్మే. "తిను తల్లీ, తిను" అంటూ. టీచర్ ఒక సంగతి చెప్పింది. అడవిలో ఈ జాతి తల్లి కప్ప పిల్లల్ని ఒక్కొక్కదాన్నే వీపు మీద ఎక్కించుకుని, ఆకుల మధ్య నిలిచిన నీళ్ళలో దింపుతుందట. రోజుల తరబడి ఒక్కో పిల్ల దగ్గరికీ మళ్ళీ మళ్ళీ వచ్చి, తిండికి గుడ్లు పెట్టి వెళ్తుందట. ఆ గుడ్లలో విషం ఉంటుంది. తోకతో ఉన్న పిల్ల ఆకు దాటి వెళ్ళి పురుగుల్ని పట్టుకోలేదు కదా, అందుకని దానికి మొదటి విషం తల్లే పెడుతుంది. నేను అమ్మకి తెలుగులో చెప్పా. అమ్మ తొట్టి అద్దం మీద వేలు పెట్టి అలాగే నిలబడిపోయింది. టీచర్ "ఆర్ యూ ఆల్‌రైట్?" అని అడిగింది.

ఇంక రాత్రుళ్ళు బాగానే నిద్రపడుతోంది, ఎక్కువసార్లు.

ఉండు, తలుపు చప్పుడవుతోంది.

అమ్మ. గడియ పెట్టుకోలేదు నేను, తలుపు ఊరికే దగ్గరగా వేసి ఉంది. అయినా రెండుసార్లు కొట్టి, నేను "రా" అనేదాకా బయటే నిలబడింది. నీ కవరు వచ్చిందట. చింపలేదు. నా చేతికిచ్చి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

ఇప్పుడు చదువుకుంటా.

అపూర్వ